టర్బో బండిని ఒక్కసారిగా లాగించే ముందు క్లచ్ గురించి కొన్ని జాగ్రత్తలు

నా మొదటి క్లచ్ ప్లేటును నేను ఒక్క మధ్యాహ్నంలోనే కాల్చేశాను. ట్రాక్ మీద వరసగా ఆరు స్టార్టులు, ప్రతిదీ ఐదు వేల ఆర్పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర. ఆరోసారికి ఇంజిన్ అరుస్తోంది, బండి మాత్రం నత్తలా పాకుతోంది. విప్పి చూస్తే ప్లేటు లైనింగ్ గాజులా మెరుస్తోంది, ఫ్లైవీల్ (ఇంజిన్‌తో పాటు తిరిగే బరువైన చక్రం) మీద నీలం మచ్చలు. "ఏం చేశావయ్యా దీన్ని?" అన్నాడు మెకానిక్. టర్బో బండి కదా, రేస్ ఎక్కువ ఇస్తే టర్బో ముందే తిరిగి రెడీగా ఉంటుందనుకున్నాను. తప్పంతా అక్కడే ఉంది.

బండి నిలబడి ఉండగా ఎంత రేస్ ఇచ్చినా బూస్ట్, అంటే ఎగ్జాస్ట్‌తో తిరిగే టర్బో ఇంజిన్‌లోకి తోసే అదనపు గాలి ఒత్తిడి, దాదాపు రాదు. ఇంజిన్ మీద లోడ్ లేనప్పుడు యాక్సిలరేటర్ కొద్దిగా తొక్కితేనే ఆర్పీఎం ఎగిరిపోతుంది. లోపలికి వెళ్లే గాలీ తక్కువే, బయటికొచ్చే ఎగ్జాస్టూ తక్కువే, కాబట్టి టర్బైన్‌ను తిప్పే బలం ఉండదు. లోడ్ పడ్డాకే బూస్ట్ వస్తుంది, అంటే క్లచ్ పట్టడం మొదలైన తర్వాతే. అదీ మెల్లగా కాదు, ఒక్కసారిగా వస్తుంది. ఆ సమయానికి క్లచ్ ఇంకా సగంలో జారుతుంటే కొత్తగా వచ్చిన టార్క్ (ఇంజిన్ తిప్పే బలం) బండిని ముందుకు తొయ్యదు, ప్లేటును రాస్తుంది. అందుకే నేను ఎవరికైనా చెప్పేది ఒకటే. క్లచ్ పూర్తిగా పట్టాకే బూస్ట్ రావాలి. మిగతా జాగ్రత్తలన్నీ దీని చుట్టూ తిరిగేవే.

ఇప్పుడు కొంచెం లెక్క. 1300 కిలోల బండి, మొదటి గేర్లో 3000 ఆర్పీఎంకి గంటకు సుమారు 24 కిలోమీటర్ల వేగం వస్తుందనుకుందాం. ఆర్పీఎంను 3000 దగ్గరే నిలిపి క్లచ్ వదిలితే, అది పూర్తిగా పట్టేలోపు సుమారు 29 కిలోజౌళ్ల వేడి క్లచ్‌లో పుడుతుంది. అదే 5000 దగ్గర వదిలితే 80 కిలోజౌళ్లు దాటుతుంది. వేడి ఆర్పీఎం వర్గాన్ని బట్టి పెరుగుతుంది మరి. క్లచ్ ఎంతసేపు వదిలామన్నదే ముఖ్యమని చాలామంది అనుకుంటారు. చదును నేల మీద లెక్క ప్రకారం చూస్తే, ఎంత రేస్ మీద వదిలామన్నదే పెద్ద విషయం.

ఇంతకంటే ఘోరమైన పని ఇంకొకటుంది. బ్రేకు గట్టిగా పట్టి, హాఫ్ క్లచ్‌లో లోడ్ ఇచ్చి బూస్ట్ పుట్టించడం. 3000 ఆర్పీఎం దగ్గర క్లచ్ 100 న్యూటన్ మీటర్ల టార్క్ మోస్తుంటే, బండి కదలకుండానే సెకనుకు 31 కిలోజౌళ్లు ప్లేటులోకి పోతాయి. అంటే ప్రతి సెకనుకూ ఒక లాంచ్ (ఒక్కసారిగా లాగించి బయల్దేరడం) చేసినంత వేడి! ఎత్తు మీద హాఫ్ క్లచ్‌తో బండిని నిలబెట్టడం కూడా ఇలాంటిదే, కాకపోతే కాస్త చిన్న మోతాదు.

సరే, అయితే ఎలా లాగించాలి? పెట్రోల్ టర్బో అయితే 2000 నుంచి 3000 ఆర్పీఎం మధ్య మొదలుపెట్టండి. డీజిల్‌కి కింది నుంచే టార్క్ ఉంటుంది కాబట్టి ఇంకా తక్కువ చాలు. క్లచ్ పెడల్‌ను బైటింగ్ పాయింట్ (క్లచ్ పట్టడం మొదలయ్యే చోటు) దాకా చురుగ్గా తీసుకురండి. బండి ముందుకు లాగుతున్నట్టు అనిపించగానే యాక్సిలరేటర్ కొద్దికొద్దిగా పెంచుతూ మిగతా క్లచ్ వదిలేయండి. మొత్తం ఒక సెకను, మహా అయితే సెకనున్నర. కాలు పెడల్ మీద నుంచి పూర్తిగా వచ్చేశాకే యాక్సిలరేటర్‌ను చివరిదాకా తొక్కండి. ఈ ఆఖరి మాటే పాటించడం కష్టం, ఎందుకంటే కుడికాలికి ఎప్పుడూ తొందరే.

వేడికి భయపడి క్లచ్‌ను ఠక్కున వదిలేసేవాళ్లూ ఉన్నారు. ప్లేటు బతుకుతుందేమో గానీ ఆ దెబ్బ గేర్‌బాక్సుకీ, డ్రైవ్ షాఫ్టులకీ, డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ (మధ్యలో స్ప్రింగులున్న రెండు ముక్కల ఫ్లైవీల్) ఉంటే దాని స్ప్రింగులకీ తగులుతుంది. ముందు చక్రాలు మాత్రమే లాగే బండిలో టైర్లు కాస్త జారి ఆ దెబ్బను తగ్గిస్తాయి. నాలుగు చక్రాలూ లాగే బండిలో టైర్లు అంత తేలిగ్గా జారవు, కాబట్టి జారేది క్లచ్చో, విరిగేది మరేదో అవుతుంది. అలాంటి బండితో మరింత నెమ్మది. చక్రాలు గిరగిరా తిరిగితే మళ్లీ క్లచ్ తొక్కకండి, యాక్సిలరేటర్ కాస్త వదలండి చాలు. బండి దడదడమని ఎగిరితే మాత్రం ఆ ప్రయత్నం అక్కడితో ఆపేయాలి.

లాగించే రోజుకి ముందే ఒక పరీక్ష చేసుకోండి. ఖాళీగా ఉన్న చోట నాలుగో గేర్లో, సుమారు 2000 ఆర్పీఎం నుంచి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. వేగం పెరగకుండా ఆర్పీఎం ముల్లు ఒక్కటే పైకి పోతే క్లచ్ ఇప్పటికే జారుతోందని అర్థం. దాంతో లాంచ్ ఆలోచనే వద్దు. కొత్త ప్లేటు వేయించి ఉంటే మొదటి 500 నుంచి 800 కిలోమీటర్లు మామూలుగా నడపండి. ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్పించి టార్క్ పెంచుకున్నవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. కంపెనీ క్లచ్ కంపెనీ టార్క్‌కే, పైన కొంత అదనంతో, తయారవుతుంది. ఆ అదనాన్ని మీరు ముందే వాడేసి ఉండొచ్చు.

చిన్న విషయాలు: ఫ్లోర్ మ్యాట్ పెడల్ కిందికి జరగకూడదు. పలచటి అట్ట ఉన్న బూట్లు వేసుకుంటే బైటింగ్ పాయింట్ పాదానికి తెలుస్తుంది. కూలెంట్ వేడెక్కినంత మాత్రాన ఇంజిన్ ఆయిల్ వేడెక్కినట్టు కాదు, ఇంకాసేపు మామూలుగా తిప్పండి. చోటు మూసిన ట్రాకో, డ్రాగ్ స్ట్రిప్పో కావాలి, రోడ్డు కాదు. ఈ విషయంలో బేరాల్లేవు.

ఒక లాంచ్ అయ్యాక వెంటనే ఇంకొకటి వద్దు. పైన చెప్పిన వేడంతా ఫ్లైవీల్‌లోకీ, క్లచ్ ప్లేటును దానికి అదిమిపట్టే ప్రెజర్ ప్లేటులోకీ ఇంకి ఉంటుంది. చల్లారకముందే రెండోది చేస్తే మొదటి వేడి మీద రెండో వేడి పేరుకుంటుంది. పై గేర్లో, క్లచ్ పూర్తిగా వదిలేసి, పది పదిహేను నిమిషాలు నింపాదిగా తిప్పండి. పెడల్ తొక్కి పట్టుకుని లైనులో నిలబడకండి, న్యూట్రల్ వేసి కాలు తీసేయండి. కాలిన వాసన వస్తే ఆ రోజుకి లాంచ్‌లు అయిపోయినట్టే. పెడల్ మెత్తబడినా, పట్టే చోటు మారినా అంతే. మర్నాడు చల్లటి బండితో నాలుగో గేర్ పరీక్ష మళ్లీ చేసి చూడండి.