ఫోన్‌ను మన చెప్పుచేతల్లో పెట్టుకోవడం: 4వ పాఠం – లొకేషన్

పోయిన పాఠంలో కాంటాక్ట్స్ అనుమతుల సంగతి చూశాం. మీ కాంటాక్ట్స్ ఏయే యాప్‌లకు అందుతున్నాయో కాగితం మీద రాసుకోమన్నాను. రాసి ఉంటే ఆ కాగితం తీసి పక్కన పెట్టుకోండి. రాయకపోయినా ఈ పాఠం ఆగదు. కొత్త కాగితం, పెన్ను, మీ ఫోన్, ఓ అరగంట సమయం ఉంటే చాలు.

ముందుగా చాలామందిలో ఉన్న ఒక అపోహ వదిలించుకుందాం. పైనుంచి ఉపగ్రహం మనల్ని చూస్తూ ఉంటుందని అనుకుంటారు. జీపీఎస్ ఉపగ్రహాలు దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ, ఇప్పుడు సమయమెంతో, తాము ఎక్కడున్నాయో నేలకు చెబుతూ ఉంటాయి. అవి చేసేది అంతే. రేడియో స్టేషన్‌కు తన పాట ఏ ఇంట్లో వింటున్నారో ఎలా తెలియదో, వాటికి మీరెక్కడున్నారో అలాగే తెలియదు. కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతాలు అందుకుని, అవి చేరడానికి పట్టిన సమయాన్ని బట్టి లెక్క కట్టేది మీ ఫోనే. అంటే మీరున్న చోటు మొదట తెలిసేది మీ ఫోన్‌కే. దాన్ని బయటికి మోసుకెళ్లేది యాప్. ఈ ఒక్క విషయం మనసులో నాటుకుంటే మిగతా పాఠమంతా తేలిక, ఎందుకంటే అడ్డుకోవాల్సిన గుమ్మం ఆకాశంలో లేదు, మన చేతిలోనే ఉంది.

పైకప్పు కింద జీపీఎస్ సరిగ్గా అందదు. అప్పుడు ఫోన్ చుట్టుపక్కల వైఫై రౌటర్ల గుర్తింపు సంఖ్యలు ఏరుకుని, ఏ రౌటర్ ఎక్కడుందో ముందే రాసిపెట్టుకున్న పట్టికతో పోల్చుకుంటుంది. వాటికి మీరు కనెక్ట్ కానక్కర్లేదు. సిమ్ పనిచేస్తున్నంతసేపూ మీరు ఏ టవర్ దగ్గరున్నారో నెట్‌వర్క్‌కు తెలుస్తూనే ఉంటుంది. దాన్ని ఈ పాఠంలోని ఏ సెట్టింగూ ఆపలేదు. మన చేతిలో ఉన్నది యాప్‌ల సంగతి. అదే చిన్నదేం కాదు.

ఇప్పుడు మొదటి అభ్యాసం. మ్యాప్ యాప్ తెరిచి, మీరున్న చోట వేలు కాసేపు నొక్కి ఉంచండి. చాలా మ్యాపుల్లో రెండు సంఖ్యలు కనిపిస్తాయి: అక్షాంశం, రేఖాంశం. దశాంశ బిందువు తర్వాత చాలా అంకెలుంటాయి. అక్షాంశంలో ఒక డిగ్రీ అంటే నేల మీద సుమారు 111 కిలోమీటర్లు. బిందువు తర్వాత రెండంకెలు ఉంచితే కిలోమీటరుకు కాస్త ఎక్కువ. మూడంకెలైతే 110 మీటర్లు, నాలుగైతే 11 మీటర్లు, ఐదైతే ఒక మీటరు చిల్లర. ఆ సంఖ్యను కాగితం మీద రాసి, చివరినుంచి ఒక్కో అంకె కొట్టేస్తూ రండి. ఒక్కో అంకె పోయినప్పుడల్లా మీరు నిలబడ్డ చోటు గదిగా, ఇల్లుగా, వీధిగా, పేటగా పెద్దదవుతూ వస్తుంది. వాతావరణం చెప్పే యాప్‌కు పేట సరిపోతుంది కదా? మీ గది దానికెందుకు?

రెండో అభ్యాసం ఇంతకంటే ముఖ్యమైనది. నిన్నటి రోజు మీ ఫోన్ ఎక్కడెక్కడ ఉందో గంటగంటకూ రాయండి. పేర్లు రాయొద్దు, "చోటు అ", "చోటు ఆ" అని చాలు. రాసిన కాగితాన్ని మీరెవరో తెలియని మనిషి చూస్తున్నట్టు చూడండి. అర్ధరాత్రి నుంచి తెల్లవారేదాకా ఫోన్ కదలని చోటు మీ ఇల్లని ఇట్టే తెలిసిపోతుంది. పగలు ఎక్కువసేపు ఉన్న చోటు మీరు పనిచేసేదో, చదువుకునేదో. ఈ రెండు చోట్లకూ ఉమ్మడిగా ఎంతమంది ఉంటారు? మీరు, మహా అయితే ఇంకొకరు.

"మీ పేరు తీసేసే వాడుకుంటాం" అని కంపెనీలు చెప్పే మాటను ఈ కాగితం పక్కన పెట్టి చూడాలి. 2013లో వెలువడిన ఒక అధ్యయనంలో పరిశోధకులు 15 లక్షల మంది మొబైల్ వాడకందారుల 15 నెలల కదలికలను పేర్లు లేకుండా పరిశీలించారు. టవర్ పరిధి అంత మోటు లెక్కతో, గంటకొక్కసారి చొప్పున తీసుకున్నా, ఏవైనా నాలుగు చోట్లు, సమయాలు తెలిస్తే వారిలో 95 శాతం మందిని మిగతా అందరి నుంచీ వేరుచేయగలిగారు. పేరు తీసేసినా మీ నడకే మీ పేరు చెబుతోందన్నమాట.

"నా దగ్గర దాచుకోవాల్సిందేముంది?" అని ఎంతోమంది నన్ను అడిగారు. నిజాయితీగా అడిగే ప్రశ్నే, కొట్టిపారేయను. కానీ ఆ ప్రశ్న తప్పు చేసినవాళ్లే దాచుకుంటారని ముందే ఒప్పేసుకుంటోంది. వరుసగా మూడు వారాలు క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లడం తప్పా? ఇప్పుడున్న ఉద్యోగం వదలకముందే ఇంకో ఆఫీసులో ఇంటర్వ్యూకు కూర్చోవడం, విడాకుల గురించి లాయర్ని కలవడం తప్పా? ఇవి ఎవరికి, ఎప్పుడు చెప్పాలో మీరు తేల్చుకోవాల్సిన సంగతులు. పైగా మీ ఫోన్ రాత్రి ఉండే చోటు మీ ఒక్కరిదే కాదు. ఆ ఇంట్లో మీ పిల్లలు, అమ్మానాన్నలు ఉన్నారు. వాళ్లనెవరూ అడగలేదు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

ఇక ఫోన్ చేతిలోకి తీసుకోండి. సెట్టింగ్స్‌లో లొకేషన్‌కు వెళ్లి యాప్‌ల అనుమతుల జాబితా తెరవండి. ఐఫోన్‌లో అయితే ప్రైవసీ కింద లొకేషన్ సర్వీసెస్. మాటలు ఫోన్‌ను బట్టి కొంచెం మారొచ్చు గానీ, గుంపులు ఇంచుమించు ఇవే: అన్ని వేళలా, వాడుతున్నప్పుడు మాత్రమే, ప్రతిసారీ అడగాలి, వద్దు. మొదటి గుంపుతోనే మొదలుపెట్టండి, ప్రమాదమంతా అక్కడే. నేను తొలిసారి ఈ జాబితా తెరిచినప్పుడు, ఎప్పుడో ఒక ప్రయాణం కోసం దింపుకుని మళ్లీ ముట్టని యాప్ ఒకటి అన్ని వేళలా గుంపులో కనిపించింది. ఎన్ని నెలలుగా నా వెంట తిరుగుతోందో! ఫోన్ పోతే వెతికిపెట్టే సదుపాయం, ఇంట్లోవాళ్లు ఒకరి జాడ ఒకరు తెలుసుకునే యాప్, ఇలాంటి బహు కొద్దివాటికి తప్ప ఆ గుంపులో ఉండే అర్హత దేనికీ లేదు. మిగతావన్నీ వాడుతున్నప్పుడు మాత్రమే అన్న గుంపులోకి దించండి. ఎందుకు అడుగుతోందో అంతుబట్టని యాప్‌కు వద్దు అనేయండి. ఏదైనా పని ఆగితే చాలా యాప్‌లు మళ్లీ అడుగుతాయి, అడక్కపోయినా ఈ జాబితాకే వచ్చి మార్చుకోవచ్చు.

తర్వాత ఒక్కో యాప్ మీద నొక్కితే, ఖచ్చితమైన లొకేషన్ అనే మీట కూడా కనిపిస్తుంది. ఐఫోన్‌లో ఇది 2020 నుంచి, ఆండ్రాయిడ్‌లో 2021లో వచ్చిన 12వ వెర్షన్ నుంచి ఉంది. ఆపేస్తే ఆండ్రాయిడ్‌లో యాప్‌కు దాదాపు మూడు చదరపు కిలోమీటర్ల ప్రాంతం మాత్రమే తెలుస్తుంది. ఇందాక అంకెలు కొట్టేశారే, ఆ పని ఈ మీట చేస్తుంది. దారి చూపే మ్యాప్‌కు, కారు పిలిచే యాప్‌కు ఖచ్చితం కావాలి. వార్తలకు, వాతావరణానికి అక్కర్లేదు.

కొందరు "షరతులు చదివి ఒప్పుకుంటే చాలదా" అంటారు. 2013లో అమెరికాలో వినియోగదారుల హక్కులు చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఒక టార్చ్‌లైట్ యాప్ తయారీదారు మీద చర్య తీసుకుంది. కోట్ల మంది దింపుకున్న యాప్ అది. వాళ్ల లొకేషన్‌నూ ఫోన్ గుర్తింపునూ ప్రకటనల సంస్థలకు పంపుతోందని, అది కూడా షరతులకు సరే అనకముందే మొదలుపెట్టేదని కమిషన్ ఆరోపించింది. వెలుగు ఇవ్వడానికి మీరెక్కడున్నారో తెలియాలా? ఈ ఒక్క ప్రశ్న వేసుకుని ఉంటే చాలేది. అందుకే షరతుల కాగితాలకన్నా అనుమతుల జాబితానే నేను ఎక్కువ నమ్ముతాను.

ఫొటోల గురించి రెండు మాటలు. కెమెరాకు లొకేషన్ అనుమతి ఉంటే తీసిన ప్రతి ఫొటోలో ఆ రెండు సంఖ్యలూ కలిసిపోవచ్చు. చాలా మెసేజింగ్ యాప్‌లు ఫొటోను కుదించేటప్పుడు వాటిని తీసేస్తాయి. డాక్యుమెంట్‌గా పంపితే మాత్రం ఉన్నదున్నట్టు వెళ్లిపోతాయి. పిల్లల ఫొటోలు పంపే ముందు ఇది గుర్తుంచుకోండి.

ఈ వారం పని: అన్ని వేళలా గుంపులో మొదట ఎన్ని యాప్‌లున్నాయో, మీరు దించాక ఎన్ని మిగిలాయో కాగితం మీద రాయండి. ఏడు రోజులు ఫోన్ మామూలుగానే వాడండి. ఏ యాప్ ఏ పనికి మళ్లీ అనుమతి అడిగిందో తేదీతో సహా రాసుకోండి. ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్ కూడా చూడండి, కానీ వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని, ఏం మారుస్తున్నారో చెబుతూ మార్చండి. వచ్చే పాఠంలో మైక్రోఫోన్, కెమెరా అనుమతులు. తెర పైమూలన అప్పుడప్పుడు వెలిగే చిన్న చుక్క ఏం చెబుతోందో అక్కడ చూద్దాం. ఈలోగా అది కనబడితే, ఆ క్షణంలో ఏ యాప్ తెరిచి ఉందో రాసి పెట్టుకోండి.