స్టాక్ లేబుళ్లు ఆటోమేటిక్ చేసే ముందు

లాడ్ బజార్ గాజుల షాపు ఆన్‌లైన్ స్టోర్‌లో 'కొన్నే ఉన్నాయి', 'స్టాక్ లేదు' లేబుళ్లు వాటంతటవే మారేలా రూల్ పెడుతున్నారా? ముందు ఇవి చూసుకోండి.

- ప్రొడక్టుల లిస్టు మొత్తం సీఎస్‌వీ ఫైల్‌గా (ఎక్సెల్‌లో తెరుచుకునే పట్టిక) దించి దాచుకోండి.
- అసలు జాగ్రత్త సైజుల దగ్గరే. 2.4 అయిపోయినా 2.6, 2.8 ఉండొచ్చు. ఒక్క సైజు సున్నా కాగానే రూల్ మొత్తం డిజైన్‌కే 'స్టాక్ లేదు' తగిలిస్తే, ఉన్న సరుకు కూడా అమ్ముడుపోదు. అన్ని సైజులూ కలిపి సున్నా అయితేనే మారాలి.
- సరుకు రాగానే లేబుల్ తీసేసే రూల్ కూడా రాయండి. చాలామంది మరిచిపోయేది ఇదే.
- కౌంటర్‌లో అమ్మినవీ అదే లెక్కలో తగ్గాలి.
- రంజాన్ రద్దీలో మాత్రం మొదలుపెట్టకండి, అనవసర టెన్షన్. ముందుగానే రెండు మూడు డిజైన్లతో టెస్ట్ చేయండి.