గిటార్ యాంప్‌లో బేస్ వాయిస్తే పాడవుతుందా? పాడు కాకుండా ఎలా వాయించాలి?

కాజీపేట చర్చిలో ఆదివారం పాటలకైనా, హనుమకొండలో కాలేజీ ఫెస్ట్‌కైనా, పెళ్లి ఆర్కెస్ట్రాకైనా మన దగ్గర చాలా బ్యాండ్లు ఒక్క గిటార్ యాంప్‌తోనే మొదలవుతాయి. బేస్ గిటార్ తర్వాత వస్తుంది. బేస్ యాంప్ కొనడానికి ఇంకా చాలా రోజులు పడుతుంది. అప్పటిదాకా బేస్‌ను ఆ గిటార్ యాంప్‌లోనే పెట్టుకోవచ్చా? గదిలో తక్కువ సౌండ్‌తో అయితే నిశ్చింతగా పెట్టుకోవచ్చు. డ్రమ్స్ పక్కన వినిపించాలని పెంచారంటే మాత్రం స్పీకర్ పోతుంది. పోయేది స్పీకరే, యాంప్ కాదు. లోపలి సర్క్యూట్‌కు బేస్ సిగ్నల్ అయినా గిటార్ సిగ్నల్ అయినా పెద్ద తేడా లేదు. గాలిని కదిలించాల్సింది స్పీకర్ కోన్ కాబట్టి దెబ్బ దానికే తగులుతుంది.

లెక్క చూడండి. గిటార్‌లో అన్నిటికన్నా లావు స్ట్రింగ్‌ను ఓపెన్‌గా, అంటే ఎక్కడా నొక్కకుండా మీటితే 82 హెర్ట్జ్ (సెకనుకు 82 కంపనాలు) వస్తుంది. బేస్‌లో లావు 'ఈ' (E) స్ట్రింగ్ 41 హెర్ట్జ్, ఐదు స్ట్రింగ్‌ల బేస్‌లో బి స్ట్రింగ్ 31 హెర్ట్జ్. స్వరం సగానికి దిగితే, అంతే గట్టిగా వినిపించడానికి కోన్ నాలుగు రెట్లు ఎక్కువ ఊగాలి. 31 హెర్ట్జ్ దగ్గరికి వస్తే అది దాదాపు ఏడు రెట్లు. గిటార్ స్పీకర్‌లో కాయిల్ (కోన్‌ను ఊపే తీగచుట్ట) పొట్టిగా, కోన్ అంచు గట్టిగా ఉంటుంది. కొద్దిగా, వేగంగా కదలడానికే దాన్ని చేశారు. బేస్‌తో గట్టిగా ఊపితే కాయిల్ అయస్కాంతం సందులోంచి బయటికి వచ్చి, తిరిగి వెళ్లేటప్పుడు వెనక ప్లేటును కొడుతుంది. కాయిల్ వంగి గీసుకోవడం, కోన్‌కు వెళ్లే అల్లిక తీగ తెగడం, అంచు చినగడం ఇలాగే మొదలవుతాయి.

'స్పీకర్ మీద 60 వాట్స్ ఉంది, యాంప్ 30 వాట్సే కదా' అని ధైర్యపడొద్దు. వాట్స్ అంకె ముఖ్యంగా కాయిల్ ఎంత వేడిని తట్టుకుంటుందో చెబుతుంది. కోన్ ఎంత దూరం ఊగగలదో చెప్పదు. బేస్ స్వరాలతో ఆ హద్దు అంతకన్నా చాలా తక్కువ వాట్స్ దగ్గరే వచ్చేస్తుంది.

1. ముందు యాంప్‌ను వెనక్కి తిప్పి చూడండి

చాలా గిటార్ యాంప్‌లకు వెనక సగం తెరిచే ఉంటుంది. మూసిన బాక్సులో గాలి స్ప్రింగులా కోన్‌ను పట్టి ఉంచుతుంది. తెరిచిన బాక్సులో ఆ ఆధారం ఉండదు కాబట్టి అదే సౌండ్‌కు స్పీకర్ ముందే అలిసిపోతుంది. వెనక తెరిచి ఉండి, స్పీకర్ 8 అంగుళాలదైతే దాన్ని ఇంట్లో ప్రాక్టీసుకే ఉంచండి. లోపల గాజు వాల్వులు కనిపిస్తే ట్యూబ్ యాంప్ అని గుర్తు. దాని జాగ్రత్త కింద వస్తుంది.

2. సున్నాతో మొదలుపెట్టండి

గెయిన్ (లోపలికి వచ్చే సిగ్నల్‌ను పెంచే నాబ్), వాల్యూమ్ రెండూ సున్నాకు తిప్పాకే కేబుల్ గుచ్చండి. వాల్యూమ్ పెట్టి ఉంచి కేబుల్ పీకితే వచ్చే 'ఢబ్' మామూలు స్వరం కన్నా పెద్ద దెబ్బ. బేస్‌లో 9 వోల్టుల బ్యాటరీ ఉంటే అది యాక్టివ్ బేస్, సిగ్నల్ బలంగా వస్తుంది. యాంప్ మీద 'లో' అని రాసిన ఇన్‌పుట్ ఉంటే అందులో పెట్టండి. లేకపోతే బేస్ మీదే వాల్యూమ్ సగానికి దించండి. బేస్ గిటార్ మీది బేస్ నాబ్‌ను నడుమ ఉంచండి, పెంచొద్దు.

3. సెట్టింగ్

క్లీన్ చానెల్ మాత్రమే. డిస్టార్షన్, బూస్ట్ ఆపేయండి. పదికి బేస్ 2, మిడ్ 6, ట్రెబుల్ 5 దగ్గర మొదలుపెట్టండి. బేస్ గిటార్ వాయిస్తూ బేస్ నాబ్ దించడమేంటని అనిపిస్తుంది. కానీ మన చెవి స్వరాన్ని గుర్తుపట్టడానికి కింది మూలస్వరం ఒక్కటే అవసరం లేదు. 41 హెర్ట్జ్ స్వరంతో పాటు 82, 123, 165 దగ్గర దాని పైస్వరాలూ వస్తాయి. అవి వినిపిస్తే చాలు, చెవి అడుగు స్వరాన్ని తానే పూరించుకుంటుంది. గిటార్ స్పీకర్ ఆ పైస్వరాలను బాగానే పలుకుతుంది. అంటే స్పీకర్‌ను చంపే భాగాన్ని తీసేసినా పాట మిగులుతుంది.

పెడల్ ఉంటే ఇంకా మంచిది. బాస్ కంపెనీ జీఈబీ-7 లాంటి బేస్ ఈక్వలైజర్‌లో మొదటి స్లైడర్ 50 హెర్ట్జ్, దాన్ని పూర్తిగా కిందికి లాగండి. గిటార్ కోసం చేసిన జీఈ-7లో మొదటి స్లైడర్ 100 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది. అసలు బాధ పెట్టే 41కి అది అంతగా అందదు.

4. రెండు స్వరాల పరీక్ష

వాల్యూమ్ మెల్లగా పెంచుతూ ఓపెన్ 'ఈ' (E) స్ట్రింగ్‌ను మీటి, పూర్తిగా మోగనివ్వండి. ఫోన్ టార్చ్‌ను పక్క నుంచి ఏటవాలుగా కోన్ మీద వేయండి. జాలీ గుడ్డ ఉన్నా వెలుగు దాదాపు లోపలికి వెళ్తుంది. లేదంటే యాంప్ వెనక నుంచి చూడండి. కోన్ నిలకడగా కనిపించాలి. నడుమ టోపీ అంచు మసకబారి, కోన్ ముందుకీ వెనక్కీ ఊగడం కంటికి తెలుస్తుంటే అప్పటికే ఎక్కువైనట్టు.

ఇప్పుడు అదే స్ట్రింగ్‌ను 12వ ఫ్రెట్ దగ్గర వాయించండి. అది గిటార్ లావు స్ట్రింగ్ స్వరమే, 82 హెర్ట్జ్. 12వ ఫ్రెట్ శుభ్రంగా ఉండి ఓపెన్ మాత్రం 'బర్ర్' మంటే స్పీకర్ హద్దు దాటింది, వాల్యూమ్ దించండి లేదా బేస్ ఇంకా తగ్గించండి. రెండు స్వరాలూ పగిలినట్టు వినిపిస్తే గెయిన్ ఎక్కువైంది. ఒక్కో దెబ్బకు 'టక్, టక్' అని గట్టి చప్పుడు వస్తే కాయిల్ ప్లేటును కొడుతోంది, వెంటనే ఆపేయండి. దాన్ని భరించి ఒక పాట పూర్తి చేసినా స్పీకర్ మిగలకపోవచ్చు.

హద్దు దొరికిన చోట నాబ్ మీద చిన్న టేప్ ముక్క అతికించండి. తర్వాత వచ్చి వాయించే వాళ్లకు అది మాటల కన్నా బాగా పనిచేస్తుంది. స్లాప్ (బొటనవేలితో స్ట్రింగ్‌ను కొట్టి) వాయించేటప్పుడు ఒక్కో దెబ్బ మామూలు స్వరం కన్నా చాలా పైకి లేస్తుంది కాబట్టి ఆ గుర్తు కన్నా ఇంకా కిందే ఉండండి.

5. డ్రమ్స్ ఉంటే దారి మార్చండి

డ్రమ్స్ పక్కన గిటార్ యాంప్‌తో నెగ్గుకు రాలేరు. వాట్స్ రెండింతలైనా పెరిగేది 3 డెసిబెల్సే. స్టేజ్ మీద సౌండ్ సిస్టమ్ అన్నను "ఒక డీఐ బాక్స్ కావాలన్నా" అని అడగండి. బేస్ సిగ్నల్‌ను నేరుగా మిక్సర్‌కు పంపే చిన్న పెట్టె అది. బేస్ కేబుల్ డీఐ ఇన్‌పుట్‌కు, మూడు పిన్నుల కేబుల్ మిక్సర్‌కు, 'థ్రూ' సాకెట్ నుంచి మీ గిటార్ యాంప్‌కు. జనానికి బేస్ 15, 18 అంగుళాల బాక్సుల్లోంచి వెళ్తుంది, మీ యాంప్ మీకు మాత్రం వినిపించేంత చాలు. 'హమ్' వస్తే డీఐ మీద గ్రౌండ్ లిఫ్ట్ బటన్ నొక్కండి. యాంప్ ప్లగ్‌లో ఎర్త్ పిన్ మాత్రం ఎప్పుడూ తీయొద్దు, షాక్ కొట్టి ప్రాణం పోవచ్చు. యాక్టివ్ డీఐ అయితే మిక్సర్‌లో 48 వోల్టుల ఫాంటమ్ (కేబుల్ ద్వారా మిక్సర్ ఇచ్చే కరెంటు) ఆన్ చేయమని చెప్పండి. కీబోర్డ్ యాంప్ దొరికితే అదీ పనికొస్తుంది, దాని స్పీకర్ కింది స్వరాలకు తగినట్టే ఉంటుంది.

గిటార్ యాంప్ హెడ్‌ను (స్పీకర్ లేని యాంప్‌ను) బేస్ బాక్సుకు కలపడమూ మంచి మార్గమే, ఓమ్స్ (కరెంటుకు స్పీకర్ ఇచ్చే అడ్డు) చూసుకుంటే. 8 ఓమ్స్ బాక్సులు రెండు మామూలుగా, ప్యారలల్‌గా కలిపితే 4 ఓమ్స్. ట్రాన్సిస్టర్ యాంప్ మీద రాసిన కనీసానికి తగ్గితే అది వేడెక్కి పోవచ్చు. ట్యూబ్ యాంప్‌ను స్పీకర్ లేకుండా ఒక్క నిమిషం కూడా వాయించొద్దు, ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. హెడ్ నుంచి బాక్సుకు స్పీకర్ కేబులే వాడండి. గిటార్ కేబుల్ సన్నది, వేడెక్కుతుంది.

6. ఇప్పటికే ఎవరో వాయించేశారా?

ప్లగ్ తీసేయండి. చేతివేళ్లను కోన్ నడుమ టోపీకి చుట్టూ సమానంగా ఆనించి మెల్లగా లోపలికి నొక్కి వదలండి, చెవి దగ్గరగా పెట్టండి. మెత్తగా వెళ్లి రావాలి. ఇసుక రాసినట్టు గరగర వినిపిస్తే కాయిల్ గీసుకుంటోంది. స్పీకర్ తీగ ఒకటి విప్పి మల్టీమీటర్ పెడితే 8 ఓమ్స్ స్పీకర్ సుమారు 6 నుంచి 7 చూపిస్తుంది. ఏమీ చూపించకపోతే కాయిల్ తెగింది, లేదా కోన్‌కు వెళ్లే తీగ తెగింది. తీగ అయితే టంకంతో సరిచేయొచ్చు. కాయిల్ గీసుకుంటే కొత్త కోన్, కాయిల్ వేయించాలి. మెకానిక్‌కు ఇచ్చే ముందు స్పీకర్ వెనక లేబుల్ ఫోటో తీసి పెట్టుకోండి. 8 బదులు 4 ఓమ్స్ కాయిల్ వేసి ఇస్తే స్పీకర్ మోగుతుంది గానీ, ఆ భారానికి ఈసారి యాంపే కాలిపోవచ్చు.