అడ్వాన్స్ తిరిగి రావాలంటే ముందు నానబెట్టండి

బెంగళూరు వచ్చిన పదకొండేళ్ళలో నాలుగు ఇళ్ళు మారాను. మొదటిది ఖాళీ చేసినప్పుడు, సామాను లారీ ఎక్కాక ఒక్క పూటలో ఇల్లంతా తోమేద్దామనుకున్నా. చేతులు బొబ్బలెక్కాయి, అడ్వాన్స్‌లో కోతా పడింది. నాలుగోది మున్నేకొళాలలో, మొన్నే ఖాళీ చేశాం. ఈసారి తోమింది తక్కువ. మూడు రోజుల ముందు నుంచి ఒక్కొక్కటీ నానబెట్టుకుంటూ వచ్చానంతే.

గుడ్డ పట్టుకునే ముందు అగ్రిమెంటు తీసి చదవండి. ఇక్కడ అందరివీ పదకొండు నెలల అగ్రిమెంట్లే, ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాబట్టి. వాటిలో చాలావరకు పెయింటింగ్ కింద ఒక నెల అద్దె పట్టుకుంటామని ఒక లైను ఉంటుంది. మీ దాంట్లో అది ఉంటే మేకుల చిల్లులకు లప్పం పెడుతూ కూర్చోకండి. రంగు మీ డబ్బుతోనే వేయిస్తారు, లప్పం కూడా వాళ్ళ పెయింటరే పెట్టుకుంటాడు. ఆ లైను లేకపోతేనే చిన్న ప్యాకెట్ లప్పం కొని, పాత ఏటీఎం కార్డుతో చిల్లులో నొక్కి, ఆరాక గరుకు కాగితంతో రుద్దండి.

అసలు పని బాత్‌రూమ్‌లో. మా బిల్డింగ్‌కి బోరు నీళ్ళు, వేసవిలో ట్యాంకరు. 2024 అక్టోబరులో కావేరి మంచినీళ్ళ పథకం ఐదో దశ మొదలైందన్నారు గానీ, మా పైపుల్లోకి వచ్చేసరికి మేం సామాను సర్దుకుంటున్నాం. ఆరేళ్ళ బోరు నీళ్ళు కొళాయిల మీద, షవర్ మీద, టైల్స్ మీద తెల్లగా గార కట్టించి పెట్టాయి. దాన్ని స్టీల్ పీచుతో రుద్దితే గార పోదు, కొళాయి మెరుపు పోతుంది.

కిరాణా కొట్లో నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్, దొరుకుతుంది. లీటరు గోరువెచ్చని నీళ్ళలో రెండు పెద్ద చెంచాలు కలపండి. పాత బనీను ముక్క అందులో ముంచి కొళాయికి చుట్టి, పైన పాల కవరు తొడిగి రబ్బరు బ్యాండు వేయండి. చెవి దగ్గర పెడితే సన్నగా చుయ్యిమని వినిపిస్తుంది, గార కరుగుతున్న చప్పుడది. అరగంట తర్వాత విప్పి పాత టూత్‌బ్రష్‌తో రెండుసార్లు అంటే పెంకులా ఊడి వస్తుంది. ఇంకా మిగిలితే మళ్ళీ చుట్టండి గానీ రాత్రంతా వదిలేయకండి, పైపూత మసకబారుతుంది. షవర్‌కైతే ఆ నీళ్ళే కవర్లో పోసి తలకాయ మునిగేలా కట్టేయాలి. టైల్స్ మీద స్ప్రే చేసి, ఆరకుండా మధ్యమధ్యలో మళ్ళీ కొట్టి, ఇరవై నిమిషాలయ్యాక బ్రష్ పెట్టండి.

ఇక్కడ నేను చేసిన తప్పొకటి చెప్పాలి. రెండో ఇంట్లో వాష్‌బేసిన్ చుట్టూ తెల్ల పాలరాయి ఉండేది. కొళాయికి నిమ్మ ఉప్పు గుడ్డ చుట్టి ఫోన్ మాట్లాడుతూ వెళ్ళిపోయా. చుక్కచుక్కా కిందికి కారింది. వచ్చి చూస్తే రాయి మీద అరచేయంత మసక మచ్చ, చేత్తో తడిమితే గరుకు. గార అంటే కాల్షియం కార్బొనేట్, పాలరాయీ అదే. పులుపు రెండింటినీ ఒకేలా తినేస్తుంది. పాలిష్ పేరు చెప్పి ఆ ఓనర్ 3,000 పట్టుకున్నారు, నోరెత్తలేకపోయా. మాది ప్రొద్దుటూరు, కడప బండల మీద పెరిగినదాన్ని. చింతపండు పులుసు నేల మీద ఒలికితే మా అమ్మ "తుడువు తుడువు" అని ఎందుకరిచేదో ఆ రోజు తెలిసింది, కడప బండ కూడా సున్నపు రాయే కదా. మీ అటకలకీ వంటింటి అరలకీ కడప బండలుంటే వాటి దగ్గరికి నిమ్మ ఉప్పు, వెనిగర్, ఆసిడ్ ఏదీ పోనివ్వకండి. సబ్బు నీళ్ళు చాలు.

టాయిలెట్‌కి హార్పిక్ లాంటిది రాత్రి పోసి పొద్దున రుద్దితే సరి. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నా: దాంతో గానీ నిమ్మ ఉప్పుతో గానీ బ్లీచింగ్ పౌడర్ కలపొద్దు. క్లోరిన్ గ్యాస్ పుడుతుంది. మూసిన బాత్‌రూమ్‌లో అది ప్రాణాంతకం. గోడ మూలల్లో నల్ల బూజుకి బ్లీచ్ వాడాలనుకుంటే వేరే రోజు, కిటికీ తెరిచి వాడండి.

వంటింట్లో శత్రువు జిడ్డు. దాని మీద పులుపు పనిచేయదు, చాకలి సోడా కావాలి. చిమ్నీ ఫిల్టర్ స్టీలుదైతే పెద్ద టబ్‌లో మరిగే నీళ్ళు పోసి అర కప్పు సోడా, కాస్త గిన్నెల సబ్బు వేసి రెండు గంటలు ముంచండి. నీళ్ళు కాఫీ డికాషన్ రంగుకొస్తాయి. వలలా ఉండే అల్యూమినియం ఫిల్టర్ అయితే సోడా వద్దు, నల్లబడిపోతుంది. వేడి నీళ్ళూ సబ్బే. స్టవ్ వెనకాల టైల్స్‌కి సబ్బు నీళ్ళలో తడిపిన పాత న్యూస్‌పేపర్ అతికించి, అరగంటాగి లాగేసి తుడవండి. స్విచ్ బోర్డుల జిడ్డుకైతే మెయిన్ ఆపి, బాగా పిండిన గుడ్డతో తుడవాలి. ఫ్రిజ్ ముందు రోజు రాత్రే ఆపి తలుపు తెరిచి పెట్టండి, లేకపోతే తుడిచిన నేల మీదే నీళ్ళు కారుస్తుంది.

దేవుడి గూడు మన ఇళ్ళకే ఉన్న సమస్య. దీపం మసి మీద తడిగుడ్డ పెట్టారో, మసి గోడంతా పాకుతుంది. చపాతీ పిండి గట్టిగా కలిపి, ముద్దతో అద్దుతూ రండి. ముద్ద నల్లబడినకొద్దీ లోపలికి మడుచుకోవాలి. నాకు రెండు ముద్దలు పట్టాయి, గోడ పూర్తిగా తెల్లబడలేదు గానీ పొగచూరిన ముఖం పోయింది. గడప మీద పసుపుకి సబ్బు పెడితే ఎర్రగా మారుతుంది. నేను మొదటిసారి గడప పాడుచేశానని హడలిపోయా. సోడాకి, సబ్బుకి పసుపు అలాగే ఎర్రబడుతుంది. నీళ్ళతో కడిగేస్తే మళ్ళీ పసుపే. ఎండ తగిలే గడపైతే నాలుగు రోజుల్లో అదే వెలిసిపోతుంది. అందుకే ఆఖరి వారం నేను పసుపు రాయను. అత్తగారు మా దగ్గర కాదు, సొంతూళ్ళో ఉన్నారు కాబట్టి కుదిరింది.

ఫ్యాన్లు మంచాలు ఉండగానే తుడవాలి, పాత దుప్పటి పరిచి. రెక్కకి పాత దిండు గలీబు తొడిగి వెనక్కి లాగితే దుమ్మంతా అందులోకే పోతుంది. తలుపులకి అంటించిన హుక్కుల జిగురుకి హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చూపించి కొబ్బరి నూనె రాయండి.

చెత్త సంగతి రెండు రోజుల ముందే చూసుకోండి. బెంగళూరులో తడి చెత్త ఆకుపచ్చ బుట్టలో, డైపర్ల లాంటివి ఎర్ర బుట్టలో, పొడి చెత్త సంచిలో వేరుగా ఇవ్వాలి. చివరి పూట అన్నీ కలిపి గేటు దగ్గర పెడితే తీసుకోరు, ఆ కుప్పే ఓనర్‌కి ముందు కనిపిస్తుంది. పాత సీసాలు, న్యూస్‌పేపర్లు పాత సామాన్ల కొట్టుకి వేస్తే ఆటో ఖర్చులకొస్తుంది.

లారీ వెళ్ళాక మిగిలింది పైనుంచి కిందికి బూజు దులిపి, ఊడ్చి, రెండుసార్లు తడిగుడ్డ పెట్టడమే. అప్పుడే ప్రతి గదినీ, కరెంటు మీటరు రీడింగునీ వీడియో తీయండి. మా ఓనర్ ఆంటీ తరతరాలుగా ఇక్కడే ఉన్న తెలుగావిడ. తాళాలు తీసుకుంటూ నేరుగా బాత్‌రూమ్‌కి వెళ్ళి కొళాయి తిప్పి చూసింది. "ఏమ్మా, కొత్తది వేయిస్తిరా?" అంది. తర్వాత ఫ్యాన్ రెక్క కూడా చూసిందనుకోండి, స్టూలేసుకుని మరీ.

బకెట్టు, మగ్గు, చీపురు లారీ ఎక్కించొద్దని ప్యాకర్లకి ముందే చెప్పుకోండి. మా వాళ్ళు మొదట సర్దేసింది అవే, మళ్ళీ దింపించడానికి ఇరవై నిమిషాలు పట్టింది.