జర్మనీ ఆఫీసులో మీ మెసేజ్‌కి జవాబు రాకపోతే

జర్మనీలో కొత్తగా ఉద్యోగంలో చేరిన మనవాళ్ళు మొదటి నెలలో నాకు ఫోన్ చేసి చెప్పే మాట దాదాపు ఒకటే. "టీమ్స్‌లో మెసేజ్ పెట్టాను, చూశాడు, రెండు రోజులైనా జవాబు లేదు, నా మీద కోపమేమో." చాలాసార్లు కోపమేమీ ఉండదు, టెన్షన్ పడకండి.

నేను చేరిన కొత్తలో సర్వర్ యాక్సెస్ కోసం ఒకాయనకు మెయిల్ పెట్టాను. ఆ తర్వాత రోజూ చాట్‌లో "హలో" అని, మర్నాడు "ఎలా ఉన్నారు" అని, ఆ తర్వాత "అర్జెంట్" అని అడుగుతూ ఎనిమిది రోజులు ఎదురుచూశాను. ప్రొబేషన్‌లో ఉన్నాను కదా, రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు. నిజానికి మొదటిరోజే ఆయన మెయిల్ నుంచి ఆటోమేటిక్ జవాబు వచ్చింది, జర్మన్‌లో ఉందని నేను చదవలేదు. మూడు వారాలు సెలవులో ఉన్నానని, ఈలోగా ఫలానా ఆవిడను అడగమని పేరూ ఫోన్ నంబరుతో సహా అందులో రాసి ఉంది. ఆవిడకు రాసిన గంటలో పని అయిపోయింది. అందుకే ముందు రెండు జర్మన్ మాటలు నేర్చుకోండి: అబ్‌వేజెంట్ అంటే ఆఫీసులో లేరని, ఫెర్‌ట్రేటుంగ్ అంటే వాళ్ళ బదులు చూసేవాళ్ళని.

ఇక్కడ వారానికి 5 రోజులు పనిచేసేవాళ్ళకు చట్టం ప్రకారమే ఏడాదికి కనీసం 20 రోజుల జీతంతో కూడిన సెలవు ఉంటుంది, చాలా కంపెనీలు 30 దాకా ఇస్తాయి, వాటిని రెండు మూడు వారాలు ఒకేసారి వాడుకుంటారు. సెలవంటే నిజంగా సెలవే. కార్ల కంపెనీ డైమ్లర్‌లో 2014 నాటికే, ఉద్యోగి కోరుకుంటే సెలవులో వచ్చిన మెయిల్స్ వాటంతటవే డిలీట్ అయిపోయే ఏర్పాటు ఉండేది. ఒకరోజు పని ముగించాక మళ్ళీ మొదలుపెట్టడానికి మధ్య 11 గంటల విరామం ఉండాలని కూడా చట్టం చెబుతుంది. హైదరాబాద్‌లో రాత్రి పదింటికి "చూస్తున్నాను" అని జవాబిచ్చే అలవాటు మనది, దాన్ని వీళ్ళ దగ్గర ఆశించకండి. పిల్లలున్నవాళ్ళలో చాలామంది పార్ట్‌టైమ్ చేస్తారు, మధ్యాహ్నానికే వెళ్ళిపోతారు. శుక్రవారం రెండు దాటాక అడిగింది సోమవారానికి అనుకోండి. సొంత నంబరుకి వాట్సాప్ మాత్రం, వాళ్ళంతట వాళ్ళు ఇస్తే తప్ప, వద్దు.

మెసేజ్ రాసే పద్ధతి కూడా మార్చుకోవాలి. ఉత్త "హాయ్" పెట్టి ఆగితే, ఏం కావాలో తెలియదు కాబట్టి చాలామంది పట్టించుకోరు. ఏం కావాలి, ఎందుకు, ఎప్పటిలోగా అన్నది మొదటి మెసేజ్‌లోనే రాసేయండి. "బుధవారం మధ్యాహ్నానికల్లా ఈ రెండింటిలో ఏది వాడాలో చెప్పగలరా" అని అడిగితే జవాబు ఒక్క మాటలో వచ్చేస్తుంది. రెండు పనిదినాలు చూసి ఒకసారి గుర్తు చేయండి. అప్పటికీ రాకపోతే క్యాలెండర్‌లో ఖాళీ చూసి 15 నిమిషాల మీటింగ్ పెట్టండి, లేదా ఆఫీసులోనే ఉంటే కాఫీ మెషీన్ దగ్గర అడగండి. రాతలో రెండు వారాలు కదలని పని అక్కడ రెండు నిమిషాల్లో తేలిపోవడం ఎన్నోసార్లు చూశాను. మొదటి ఆలస్యానికే మేనేజర్‌ని సీసీలో పెట్టకండి, ఫిర్యాదు చేశారనుకుంటారు, ఆ మనిషితో మీరు ఏళ్ళ తరబడి పనిచేయాలి.

ఒక్క విషయంలో మాత్రం ఓపిక పట్టొద్దని గట్టిగా చెబుతాను. రెసిడెన్స్ పర్మిట్ పొడిగింపుకి హెచ్ఆర్ నుంచి కాగితాలు కావాలి, పెద్ద ఊళ్ళలో విదేశీయుల పర్మిట్లు చూసే ప్రభుత్వ ఆఫీసులో అపాయింట్‌మెంట్‌కే చాలా రోజులు పట్టొచ్చు. గడువుకి మూడు నాలుగు నెలల ముందే అడగండి, పర్మిట్ కార్డు గడువు తేదీని మెయిల్ సబ్జెక్టులోనే రాయండి. వారంలో జవాబు రాకపోతే ఫోన్ చేయండి, అప్పటికీ కదలకపోతే కార్డు ప్రింటు తీసుకుని స్వయంగా వాళ్ళ గదికి వెళ్ళండి. దీనికి ఎవరూ ఏమీ అనుకోరు.