మిరుగం ముందు హెల్మెట్: దవడలు నొక్కితేనే సైజు సరైనట్టు

మిరుగం, అదే మృగశిర కార్తె, ఇంకో పది రోజులుందనగా మా అక్క కూతురు బండి కొన్నది. ఇల్లు హనుమకొండలో, ఉద్యోగం పరకాలలో. బండి రంగు దగ్గర వాళ్లింట్లో వారం రోజులు పంచాయితీ నడిచింది. హెల్మెట్ మాట ఎత్తితే మాత్రం "షోరూమోళ్లు బండితోని ఒకటి ఇచ్చిన్రు మామా, అదే సరిపోతది" అన్నది. పెట్టుకుని చూపించమన్నాను. పెట్టుకుంది. "ఇప్పుడు తల అటు తిప్పు బిడ్డా" అన్నాను. తల తిరిగింది, హెల్మెట్ తిరగలేదు.

బండితో పాటు హెల్మెట్ ఇవ్వాలని మోటారు వాహనాల నియమాల్లోనే ఉంది. మంచిదే. కానీ అది ఎవరి తలా కొలిచి ఇచ్చేది కాదు. చెప్పులు కొనేటప్పుడు ఆరు నంబరా, ఏడు నంబరా అని రెండు జతలు తొడిగి, దుకాణంలోనే నాలుగడుగులు నడిచి చూస్తాం. హెల్మెట్ మాత్రం రంగు చూసి తెచ్చుకుంటాం.

నా మొదటి హెల్మెటూ అంతే. లోపల గాలాడుతుందని ఒక సైజు పెద్దది తీసుకున్నాను. ఆ ఏడు నాట్లప్పుడు ములుగు పోతున్నాను. మల్లంపల్లి దగ్గర పొలంలోంచి రోడ్డెక్కిన ట్రాక్టర్ ఒకటి, కేజ్ వీల్స్ అనే ఇనుప చక్రాలకు అంటిన బురదంతా తారు మీద పరుచుకుంటూ పోయింది. దాని మీద బ్రేక్ వేశాను, ముందు చక్రం జారింది. పెద్ద వేగం కూడా లేదు. గడ్డం కింద పట్టీ పెట్టుకునే ఉన్నాను. అయినా నేను రోడ్డు మీద, హెల్మెట్ పది అడుగుల అవతల మడిలో. గడ్డానికి నాలుగు కుట్లు పడ్డాయి. ఇప్పటికీ గడ్డం గీసుకునేటప్పుడు బ్లేడు అక్కడ ఒకసారి ఆగుతుంది.

అందుకే వానలు పడకముందే ఈ పని చేసుకొమ్మంటాను. జూన్ దాటితే మన రోడ్లు వేరు. గుంతలో నీళ్లు నిలిస్తే అది జానెడు లోతో మూరెడు లోతో తెలియదు. పొలాల పక్క రోడ్ల మీద బురద, ఊరు దాటగానే రోడ్డు మధ్యలో పడుకున్న బర్రెలు. ఇక ఆదివారాలైతే లక్నవరం, రామప్ప, బొగత జలపాతం అని ములుగు రోడ్డంతా బండ్లే. అందులో సగం మంది పోయినేడాది లైసెన్స్ తీసుకున్న పిల్లలు. హెల్మెట్ పెట్టుకుంటే తల గాయాల ముప్పు 69 శాతం, చావు ముప్పు 42 శాతం తగ్గుతుందని అనేక పరిశోధనలను కలిపి చూసిన కొక్రేన్ అనే వైద్య పరిశోధనల సంస్థ సమీక్ష ఒకటి 2008లో తేల్చింది. ఆ లెక్క కింద పడ్డప్పుడు కూడా తల మీదే ఉండే హెల్మెట్‌కు. మడిలోకి ఎగిరిపోయేదానికి కాదు.

దుకాణానికి పోయే ముందు ఇంట్లోనే తల కొలవండి. దర్జీ టేపు ఉంటే చాలు. కనుబొమలకు బొటనవేలంత పైన మొదలుపెట్టి, చెవుల పైనుంచి, వెనక పుర్రె ఉబ్బెత్తుగా ఉండే చోటు మీదుగా చుట్టూ తిప్పాలి. మూడుసార్లు కొలిచి, అన్నిటికన్నా ఎక్కువ వచ్చిన లెక్క రాసుకోవాలి. టేపు లేకపోతే దారం చుట్టి స్కేలు మీద పెట్టుకోవచ్చు. మా మేనకోడలికి 56 సెంటీమీటర్లు వచ్చింది. హెల్మెట్ మీద ఇదే లెక్క మిల్లీమీటర్లలో, అంటే 560, 580, 600 అని ఉంటుంది. ఎం, ఎల్ అనే అక్షరాలను నమ్మకండి. ఒక కంపెనీ 580ని ఎం అంటే ఇంకో కంపెనీ దాన్నే ఎల్ అంటుంది. మీ కొలత రెండు సైజుల మధ్య పడితే రెండూ పెట్టి చూడాల్సిందే. ఆన్‌లైన్‌లో వంద రూపాయలు తక్కువకు దొరుకుతుంది, నిజమే. మొదటి హెల్మెట్ మాత్రం దుకాణంలో తల దూర్చి చూసే కొనండి.

మేము పోయిన దుకాణంలో అన్న మంచివాడే, కానీ చేయి ముందు పెద్ద సైజు మీదికే పోయింది. 580 తీసిచ్చాడు. కోడలు పెట్టుకుని "ఇది మస్తున్నది మామా, హాయిగున్నది" అన్నది. ఆ హాయి దగ్గరే కొత్తవాళ్లందరూ మోసపోయేది. తల మీదికి కుండలా దిగిపోయిన హెల్మెట్ పెద్దదైనట్టు. రెండు పట్టీలనూ చెరో చేత్తో పట్టుకుని కాస్త ఎడంగా లాగి, కొంచెం బలవంతంగా దూర్చుకోవాలి. చెవులు మడతపడతాయి, సర్దుకోవాలి. తర్వాత 560 ఇప్పించాను. పెట్టుకోగానే మొహం ముడిచింది. "దవడలు నొక్కుతున్నయ్ మామా. మాట్లాడితే బుగ్గ పండ్ల కింద పడుతున్నది."

అదే కావాల్సింది. కొత్త హెల్మెట్ బుగ్గలను లోపలికి నొక్కాలి. బుగ్గల దగ్గరుండే మెత్తలు కొన్ని వారాలు వాడాక తల రూపానికి సర్దుకుని కొంత అణుగుతాయి. మొదటి రోజే హాయిగా ఉన్నది దసరా నాటికి ఊగుతుంది.

అయితే అన్ని నొక్కుళ్లూ ఒకటి కాదు. బుగ్గల మీద నొక్కితే మంచిది. నుదురు మీదనో కణతల మీదనో ఒకేచోట మేకు గుచ్చినట్టు నొక్కితే ఆ హెల్మెట్ మీ తలది కాదు. కొందరి తల పైనుంచి చూస్తే గుండ్రంగా, కొందరిది కోడిగుడ్డులా పొడుగ్గా ఉంటుంది. చుట్టుకొలత ఒకటే అయినా రూపం వేరు. అలాంటప్పుడు సైజు పెంచితే పని కాదు, ఇంకో మోడల్ చూడాలి. ఇది తేల్చుకోవడానికి పదిహేను నిమిషాలు పెట్టుకునే కూర్చోవాలి. దుకాణంవాళ్లు చూస్తారు, చూడనీయండి. మేము అట్లాగే కూర్చుని చాయ్ తెప్పించుకున్నాం. ఆమె తాగలేదనుకోండి, గడ్డం దాకా కప్పే ఫుల్ ఫేస్ హెల్మెట్‌లో చాయ్ గ్లాసు దూరదు. తీశాక అద్దంలో నుదురు చూసుకోవాలి. లేత గులాబీ రంగు అంతటా సమంగా ఉంటే సరే, ఒకేచోట రూపాయి బిళ్లంత ఎర్రగా కమిలితే వద్దు.

ఆ తర్వాత రెండు పరీక్షలు. గడ్డం ముందు భాగాన్ని చేత్తో పట్టుకుని పక్కలకూ, కిందికీ పైకీ కదిలించాలి. హెల్మెట్‌తో పాటు బుగ్గల చర్మం, కనుబొమలు కూడా కదలాలి. హెల్మెట్ ఒక్కటే జారితే అది పెద్దది. రెండోది నా కథలో నేను చేయనిది. పట్టీ బిగించి, తల కొంచెం వంచి, వేరొకరిని వెనక అంచు కింద వేళ్లు పెట్టి పైకీ ముందుకూ నెట్టమనాలి. కళ్ల మీదికి దొర్లి ఊడివచ్చిందా, ధర ఎంత తగ్గించినా వద్దు. మల్లంపల్లిలో నాకు జరిగింది సరిగ్గా ఇదే, కాకపోతే నెట్టింది మనిషి కాదు.

పట్టీ గడ్డం కింద రెండు వేళ్లు దూరేంత బిగువుగా ఉండాలి. నోరు పెద్దగా తెరిస్తే హెల్మెట్ తలను కిందికి లాగినట్టు తెలియాలి. క్లిప్ రకం కొత్తవాళ్లకు సులువు. రెండు ఇనుప రింగుల్లోంచి దూర్చి లాగే రకం మొదట చిరాకు పెట్టినా ప్రతిసారీ సరిగ్గా మన బిగువుకే కూర్చుంటుంది. ఏదైనా సరే పెట్టుకోవడం ముఖ్యం. హనుమకొండ చౌరస్తాలో కాసేపు నిలబడి చూడండి, పోలీసు కనిపించే దాకా పట్టీలు గాలికి ఊగుతూనే ఉంటాయి.

ఆడపిల్లలకు ఇంకో లెక్క ఉంది, దుకాణాల్లో దాన్ని ఎవరూ చెప్పరు. కొప్పు పెట్టి, క్లిప్పు పెట్టి హెల్మెట్ కొలవకండి. కొప్పు వెనక నుంచి తోస్తే హెల్మెట్ ముందుకు వాలుతుంది, పడ్డప్పుడు ఆ గట్టి క్లిప్పే తలకు గుచ్చుకుంటుంది. జడ మెడ దగ్గర కిందికి వేసుకోవాలి. ఎండకూ దుమ్ముకూ మొహానికి చున్నీ చుట్టుకుని, దాని మీద హెల్మెట్ పెట్టుకునే అలవాటు మనవైపు చాలామందికి ఉంది. రెండు మడతల చున్నీ అంటే సైజే మారిపోయినట్టు, పైగా గుడ్డ జారితే హెల్మెట్ కూడా జారుతుంది. మొహం కప్పుకోవాలంటే తలకు అతుక్కునే పలచని మాస్క్ దొరుకుతుంది. దుకాణంలోనే దాన్ని వేసుకుని సైజు చూసుకోవాలి. చున్నీ కొసలు వెనక చక్రం దాకా వేలాడకుండా ముడేసుకోవడం ఎట్లాగూ తప్పదు. కళ్లద్దాలున్నవాళ్లు వాటిని పట్టుకుపోండి. హెల్మెట్ పెట్టుకున్నాక అద్దాల కాడలు కణతలకు గుచ్చుకోకుండా లోపలికి దూరాలి.

ఇక అసలు సరుకు. 2021 జూన్ 1 నుంచి ద్విచక్ర వాహనాల హెల్మెట్‌కు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. గుర్తు పైన హెల్మెట్ల ప్రమాణం నంబరు ఐఎస్ 4151 అని, కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్స్ నంబరు ఉండాలి. గుర్తు అచ్చువేయడం పెద్ద పని కాదు కాబట్టి ఆ నంబరును ఫోన్‌లో, ఐఎస్ఐ గుర్తు ఇచ్చే సంస్థవాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి. కంపెనీ పేరు, మీ చేతిలో ఉన్న హెల్మెట్ పేరు ఒకటే కావాలి. దుకాణంలో నిలబడి చేస్తే రెండు నిమిషాల పని. తయారైన నెల, సంవత్సరం కూడా చూసుకోండి. రోడ్డు పక్క గుట్టలు పోసి అమ్మేవాటిలో మెత్త తీసి చూస్తే కొన్నిట్లో స్పాంజి తప్ప ఏమీ ఉండదు. అసలు హెల్మెట్‌లో పై గుల్లకూ మెత్తకూ మధ్య గట్టి థర్మాకోల్ పొర ఉంటుంది. దెబ్బ తగిలినప్పుడు అది నలిగి, తలకు చేరాల్సిన దెబ్బను తాను తీసుకుంటుంది. ఒకసారి నలిగిందంటే మళ్లీ లేవదు. అందుకే హెల్మెట్ పెట్టుకుని పడ్డాక పైన గీత కూడా లేకపోయినా దాన్ని పక్కన పెట్టాల్సిందే. వాడిన హెల్మెట్ కొనొద్దనేది కూడా ఇందుకే, అది ఇంతకుముందు ఎక్కడ పడిందో మనకు తెలియదు. దెబ్బ తగలకపోయినా చెమట, తలనూనె, ఎండ కలిసి పాడు చేస్తాయి కాబట్టి ఐదేళ్లకు మార్చమని కంపెనీలే చెప్తాయి.

సగం హెల్మెట్ గురించి అడుగుతారేమో. గడ్డానికి పడ్డ కుట్లు చూపించడం తప్ప నా దగ్గర వేరే జవాబు లేదు. ఫుల్ ఫేస్ కొనండి.

వానకాలానికి హెల్మెట్ అద్దం తెల్లగా, పారదర్శకంగా ఉండాలి. నల్లద్దం ఎండలో స్టైలే, కానీ మబ్బు పట్టిన సాయంత్రం ఆరింటికి గుంత కనిపించదు. వానలో వేడి ఊపిరి చల్లని అద్దానికి తగిలి పొగమంచులా కమ్మేస్తుంది. ముందు గాలి రంధ్రాలు తెరిచి, అద్దాన్ని ఒక్క మెట్టు పైకి లేపితే కొంత తగ్గుతుంది. లోపల అతికించుకునే యాంటీ ఫాగ్ ఫిల్మ్ ఇంకా నయం. ఏమీ కనిపించకపోతే బండి పక్కకు ఆపి తుడుచుకోవడమే, నడుపుతూ చేయి పెట్టొద్దు. దుమ్ముపట్టిన అద్దాన్ని పొడి గుడ్డతో రుద్దితే గీతలు పడతాయి, రాత్రి ఎదురు లారీ లైటు పడగానే ఆ గీతలన్నీ వెలుగుతాయి. నీళ్లు పోసి, కొంచెం సబ్బు నురగతో చేత్తోనే కడగాలి. గుల్లను పెట్రోలుతో, థిన్నర్‌తో తుడవకండి, ప్లాస్టిక్ లోలోపల పాడవుతుంది.

తడిసిన మెత్తలు ఊడదీసి షాంపూ నీళ్లలో పిండి, ఫ్యాన్ కింద ఆరబెట్టాలి. ఇంజిన్ మీద, పొయ్యి దగ్గర పెట్టొద్దు. బండి అద్దానికి తగిలిస్తే ఆ కొన లోపలి పొరను గుంత పడేట్టు నొక్కుతుంది. ఇంట్లోకి తెచ్చుకోవడం మేలు. బయట పెడితే పొద్దున పెట్టుకునే ముందు ఒకసారి తలకిందులు చేసి తట్టండి. వానకాలం చీమలు, జెర్రులు పొడి చోటు వెతుక్కుంటాయి, మన హెల్మెట్‌కన్నా వెచ్చని పొడి చోటు వాటికి ఎక్కడ దొరుకుతుంది?

వెనక కూర్చునేవాళ్లకూ చట్టం ఒకటే. నాలుగేళ్లు దాటిన ప్రతివాళ్లకూ హెల్మెట్ ఉండాలి. అంతకన్నా చిన్నపిల్లలుంటే, తొమ్మిది నెలలు దాటినవాళ్లకు హెల్మెట్ పెట్టి, నడిపేవారితో కలిపి కట్టే బెల్టు వేసి, 40 కిలోమీటర్ల వేగం దాటకూడదని 2023 ఫిబ్రవరి నుంచి నియమం. పెద్దల హెల్మెట్ పిల్లల తలకు పెట్టడమంటే నా పాత హెల్మెట్ కథే మళ్లీ.

కోడలు చివరికి 560 తీసుకుంది. మొదటి వారం రోజూ ఫోన్‌లో ఒకటే సణుగుడు, దవడలు నొప్పని. రెండో వారం ఆ మాట తగ్గింది. మొన్న వాళ్లమ్మను వెనక కూర్చోబెట్టుకుని భద్రకాళి గుడికి పోయొచ్చింది. అక్క తల మీద ఏముందని అడిగితే షోరూమ్ ఇచ్చిన ఆ ఊగే హెల్మెటేనట. టేపు పట్టుకుని వెళ్లి కొలిచాను, 57 వచ్చింది. ఆదివారం మళ్లీ దుకాణానికి పోవాలి.