పీసీలో గ్రాన్ టురిస్మో 4 – మూడో పాఠం: సగం బ్రేక్

కార్ల రేసు ఆట గ్రాన్ టురిస్మో 4లో ఈసారి నూర్బర్గ్‌రింగ్ ట్రాక్‌కి వెళ్దామనుకున్నాం. దాన్ని వాయిదా వేస్తున్నాను. పోయిన పాఠంలో ఆటోమేటిక్ మ్యాపింగ్‌తో (ఏ బటన్ దేనికో ఎమ్యులేటరే కేటాయించే పద్ధతి) కంట్రోలర్ పెట్టుకున్న చాలామందిది ఒకటే గొడవ: బయల్దేరగానే టైర్లు గిర్రున తిరుగుతున్నాయి, బ్రేక్ వేస్తే కారు మలుపు తిరగకుండా నేరుగా బయటికి పోతోంది. కొందరు ఇది పీసీఎస్‌ఎక్స్2 (ప్లేస్టేషన్ 2 ఆటల్ని పీసీలో నడిపే ఎమ్యులేటర్) లోపమనుకుని గ్రాఫిక్స్ సెట్టింగులన్నీ మార్చేశారు. వాటిని మళ్లీ డిఫాల్ట్‌కి తెచ్చేయండి. తేడా బటన్లలో ఉంది.

ఈ ఆట 2004 డిసెంబరులో జపాన్‌లో ప్లేస్టేషన్ 2 మీద విడుదలైంది. ఆ కంట్రోలర్, అంటే డ్యూయల్‌షాక్ 2లో, క్రాస్, స్క్వేర్ బటన్లు కూడా మీరెంత గట్టిగా నొక్కారో పసిగడతాయి. వేలు కాస్త ఆనిస్తే కాస్త యాక్సిలరేటర్, గట్టిగా నొక్కితే పూర్తిగా. ఎక్స్‌బాక్స్ తరహా కంట్రోలర్‌లో ఎ, ఎక్స్ బటన్లకు ఆ శక్తి లేదు. నొక్కితే నూరు, వదిలితే సున్నా. ఇక సగం బ్రేక్ ఎక్కణ్ణుంచి వస్తుంది?

కంట్రోలర్ వెనకవైపున్న ట్రిగ్గర్ల నుంచి, అవి ఎంత నొక్కారో చెప్పగలవు. పీసీఎస్‌ఎక్స్2 సెట్టింగ్స్‌లో కంట్రోలర్స్, పోర్ట్ 1 తెరవండి. క్రాస్ మీద క్లిక్ చేసి కుడి ట్రిగ్గర్, స్క్వేర్ మీద క్లిక్ చేసి ఎడమ ట్రిగ్గర్ నొక్కండి. మెనూల్లో ఎ బటన్ కూడా కావాలంటే షిఫ్ట్ పట్టుకుని క్రాస్‌ని క్లిక్ చేసి ఎ నొక్కండి, రెండూ పనిచేస్తాయి.

ఇక్కడే అందరూ పడే గుంట ఉంది. ఆటోమేటిక్ మ్యాపింగ్ ఆ ట్రిగ్గర్లను ముందే ఆర్2, ఎల్2 (ప్లేస్టేషన్ కంట్రోలర్ వెనకవైపు బటన్లు)కి ఇచ్చింది, అవి అక్కడ కూడా అలాగే ఉండిపోతాయి. ఒక ట్రిగ్గర్‌ని రెండు బటన్లకు ఇచ్చినా ఎమ్యులేటర్ అడ్డు చెప్పదు. మీరు యాక్సిలరేటర్ తొక్కిన ప్రతిసారీ ఆట దృష్టిలో ఆర్2 కూడా నొక్కినట్టే. ఆటలో ఆర్2కి ఏ పని ఉంటే ఆ పని, మీరు అడక్కుండానే జరిగిపోతుంది. బ్రేక్‌కి ఎల్2తోనూ అంతే. కాబట్టి ఆర్2 మీద రైట్ క్లిక్, ఎల్2 మీద రైట్ క్లిక్. రెండూ ఖాళీ అవ్వాలి, ఖాళీ అయ్యాయో లేదో కళ్లతో చూడాలి. ఆర్2కి ఇప్పుడు మిగిలిపోయిన ఎక్స్ బటన్ ఇవ్వండి. ఎల్2ని నేనైతే ఖాళీగానే వదిలేస్తాను.

రేసులో టాకోమీటర్ (ఇంజిన్ తిరిగే వేగం చూపే మీటర్) పక్కనుండే బ్రేక్, యాక్సిలరేటర్ పట్టీలు చూడండి. ట్రిగ్గర్ సగం నొక్కితే పట్టీ సగం దగ్గర నిలబడాలి. వేలు తీసేశాక కూడా కాస్త మిగిలితే ట్రిగ్గర్ డెడ్‌జోన్ (మొదట్లో ఎంత నొక్కినదాన్ని లెక్కలోకి తీసుకోకూడదో చెప్పే సెట్టింగ్) కొంచెం పెంచండి.

ఆట నెమ్మదించిందని ఈఈ సైకిల్ స్కిప్ (ప్లేస్టేషన్ 2 ప్రాసెసర్ పనిలో కొంత వదిలేసే సెట్టింగ్) పెట్టుకున్నవాళ్లు దాన్ని తీసేయండి. వేగం 100% అని కనిపిస్తుంది గానీ ఆట లోపల ఫ్రేములు ఎగిరిపోతుంటాయి, బ్రేక్ ఎక్కడ వేయాలో చేతికి అందదు. దానికి బదులు ఇంటర్నల్ రిజల్యూషన్ తగ్గించి చూడండి.

నడపడంలో ఒక్కటే మాట. కారు నేరుగా ఉండగానే బ్రేక్ గట్టిగా వేయండి. స్టీరింగ్ తిప్పడం మొదలుపెట్టిన క్షణం నుంచి ట్రిగ్గర్ కొద్దికొద్దిగా వదలండి. ముందు టైర్ల పట్టు మొత్తం బ్రేక్‌కే ఖర్చయితే తిరగడానికి ఏమీ మిగలదు.

అభ్యాసం: సుకుబా ట్రాక్‌లో టీసీఎస్ (టైర్లు ఊరికే తిరగకుండా ఆపేది), ఏఎస్‌ఎం (కారు అదుపు తప్పకుండా చూసేది) రెండూ సున్నా చేసి, సేవ్ స్టేట్ (ఆటను ఉన్నచోటే దాచుకుని మళ్లీ అక్కణ్ణుంచే మొదలెట్టే సదుపాయం) వాడకుండా వరసగా అయిదు ల్యాపులు. అన్నిటికన్నా వేగమైన ల్యాపుకీ నెమ్మదైనదానికీ మధ్య తేడా అర సెకను దాటకూడదు. దాటితే మళ్లీ మొదటి ల్యాపు నుంచి.